బోస్టన్ చిక్కుడు కుండ: ఏ సరుకు ఎక్కడ ఎక్కింది?



పోయిన వారం మన గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. బోస్టన్‌లో చదువుకుంటున్న మన అమ్మాయి ఒకతి, అక్కడి చలిలో పక్కగది స్నేహితురాలితో కలిసి చేసుకున్న వంట అది. ముదురు గోధుమరంగు కుండలో ఉడికిన బీన్స్ గింజలు, పైన ఎర్రగా కాలిన బేకన్ ముక్కలు. "అవ్వ చేసే పితికిపప్పు గుర్తొచ్చింది, కడుపు నిండింది" అని కింద రాసింది. దానికి వచ్చిన మాటలు మీరంతా చూశారు. "గింజల్లో తీపి, పైన పంది మాంసం, ఇది మన సంఘంలో పెట్టవలసిన బొమ్మేనా?" అని ఒక పెద్దాయన అడిగారు. "నాలుగు వందల ఏళ్ళు అరవదేశంలో ఉండి కూడా మన వంట మనం వదల్లేదు, నువ్వు నాలుగు నెలలకే వదిలేశావా తల్లీ" అని ఇంకొకరు. సాయంత్రానికి ఆ అమ్మాయి ఫోటో తీసేసింది.

ఆ రోజు మేము ఏమీ రాయలేదు. తిండి విషయంలో మాట తూలితే మళ్ళీ కూడదీసుకోవడం కష్టం. పంది మాంసం తినాలా వద్దా అన్నది ఎవరింటి సంగతి వారిది. మన సంఘంలో తినే ఇళ్ళూ ఉన్నాయి, వాసనే పడని ఇళ్ళూ ఉన్నాయి. ఆ జోలికి మేము పోము. కానీ "మనకు ఏ సంబంధమూ లేని వంట" అన్నారే, ఆ మాటకు మాత్రం జవాబు ఉంది. అది కొంచెం పెద్ద జవాబు. ఓపికగా చదవండి.

మాది రైల్వే గుమాస్తా బుద్ధి. గూడ్స్ ఆఫీసులో ఏ మూట కనిపించినా ముందు రసీదు చూస్తాం. ఎక్కడ ఎక్కింది, ఎవరు ఎక్కించారు, ఏ దారిన వచ్చింది, ఎక్కడ దిగాలి. లోపలి సరుకు తర్వాత సంగతి. ఆ అమ్మాయి కుండలో ఉన్నవి నాలుగే సరుకులు. గింజ, పంది మాంసం, చెరకు మడ్డి, ఆవపిండి. ఒక్కోదాని రసీదు తీసి చూద్దాం.

ముందు గింజ. బోస్టన్‌లో వాడేది చిన్న తెల్ల బీన్స్ గింజ. అమెరికా నౌకాదళంలో సిపాయిలకు వండిపెట్టేవారు కాబట్టి దానికి నేవీ బీన్ అని పేరు. మన రాజ్మా, కూరకు వాడే పచ్చి బీన్స్‌కాయ, ఇదీ అన్నీ ఒకే జాతి మొక్క కాపు. ఆ జాతిని వేల ఏళ్ళ క్రితం మెక్సికో వైపు ఒకసారి, దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో మరోసారి అక్కడి జనం అడవి తీగ నుంచి సాగులోకి తెచ్చారు. అక్కడి నుంచి అది చేతులు మారుతూ ఉత్తరానికి పాకింది. ఇంగ్లీషువాళ్ళు 1620లో ప్లిమత్‌లో, 1630లో బోస్టన్‌లో దిగేనాటికి ఆ తూర్పుతీరంలో వాంపనోగ్, నారగాన్సెట్ ప్రజలు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే మడిలో వేసి పండిస్తున్నారు. జొన్నదంటు పందిరి, దాని మీదికి చిక్కుడు తీగ, నేల మీద గుమ్మడి ఆకు నీడ. కలుపు లేవదు, తడి ఆరదు, చిక్కుడు వేళ్ళు నేలకు బలం ఇస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆకలికి చచ్చిపోకుండా బతికిందే ఆ మడి వల్ల. కాబట్టి గింజ ఎక్కిన స్టేషన్ ఇంగ్లండు కాదు, ఆ నేలే.

ఇక్కడ ఒక మాట. మనం పితికిపప్పు చేసుకునే అనపగింజ, అరవంలో మొచ్చై అంటారే, అది వేరే జాతి. అది మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. రాజ్మా, పచ్చి బీన్స్ మాత్రం సముద్రం దాటి వచ్చినవే. ఎండుమిరప, టమాటా, ఆలుగడ్డ, వేరుశెనగ కూడా అంతే. మన పూర్వీకులు నాయకరాజుల కాలంలో బండ్లు కట్టుకుని దక్షిణానికి వచ్చినప్పుడు వాళ్ళ మూటల్లో టమాటా లేదు. ఇవాళ టమాటా లేని చారును మన పిల్లలు చారే కాదంటారు. "మన వంట మనం వదల్లేదు" అన్న మాట నిజమే. కానీ అది కదలకుండా కూర్చుని మిగల్లేదు. వచ్చినదాన్ని కలుపుకుంటూ మిగిలింది.

రెండోది పంది మాంసం. ఇది ఇంగ్లండులో ఎక్కిన సరుకే. పందులను వాళ్ళు ఓడల్లో తెచ్చి అడవిలో వదిలేశారు. అవి పెరిగి, అక్కడి ప్రజల జొన్నమడుల్లో పడ్డాయి. ఒడ్డున ఆల్చిప్పల కోసం వాళ్ళు తవ్వుకునే చోట్లను కూడా కుళ్ళబొడిచాయి. ఆ పందుల మీద జరిగిన తగవులు చిన్నవి కావు. చలికాలం ముందు పందిని కోసి, మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి పీపాల్లో నింపేవారు. పాతకాలం బోస్టన్ కుండలో పడింది ఈ ఉప్పు మాంసమే. ఉప్పులో ఊరినదాన్ని పొగబెడితే అది బేకన్. ఇవాళ ఏ అంగట్లో అయినా బేకనే సులభంగా దొరుకుతుంది కాబట్టి ఇళ్ళలో అదే వేస్తున్నారు. పొగ వాసన అదనం. గింజల కుండలో మాంసం కొంచెమే. నూనె కోసం, ఉప్పు కోసం, వాసన కోసం వేసేది. పేదిళ్ళలో చారెడు ఎండుచేపలు వేసి కుండెడు పులుసు పెట్టడం మన అవ్వలకు తెలియనిదా?

ఇప్పుడు వండే తీరు. బోస్టన్‌లో స్థిరపడిన ప్యూరిటన్లు దేవుడి దినం విషయంలో కఠినమైన మనుషులు. శనివారం పొద్దుగూకినప్పటి నుంచి ఆదివారం పొద్దుగూకేదాకా పని చేయకూడదు. పొయ్యి ముందు నిలబడి వంట చేయడం కూడా పనే. ఏం చేస్తారు? శుక్రవారం రాత్రి గింజలు నానబెట్టేవారు. శనివారం ఉడకబెట్టి కుండకు ఎత్తేవారు. ఇటుకల పొయ్యిలో కట్టెలు బాగా మండించి, నిప్పులన్నీ గీసేసి, ఆ వేడి గోడల మధ్య కుండ పెట్టి తలుపు మూసేవారు. వేడి మెల్లగా దిగుతూ ఉంటే గింజ మెల్లగా ఉడుకుతుంది. శనివారం రాత్రి భోజనం అదే, ఆదివారం పొద్దున మిగిలింది కూడా అదే. పక్కన రై పిండి, మొక్కజొన్న పిండి కలిపి ఆవిరి మీద ఉడికించిన నల్ల రొట్టె. ఇంట్లో పొయ్యి లేనివాళ్ళ కుండలను ఊరి రొట్టెలవాడు శనివారం పొద్దున ఇంటింటికీ వచ్చి తీసుకుపోయి, తన భట్టీలో పెట్టి, ఉడికాక తెచ్చి ఇచ్చేవాడు. ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలో కట్టెలు కొట్టే కూలీల శిబిరాల్లో పొయ్యి కూడా లేదు. నేలలో గుంట తీసి, రాళ్ళు పరచి, మంట వేసి, నిప్పుల మధ్య ఇనప కుండ పెట్టి మట్టి కప్పేసేవారు. మర్నాడు తవ్వి తీసేవారు. ఇప్పటికీ ఆ ఊళ్ళలో పండుగలకు అలా చేస్తున్నారు.

ఇది చదువుతుంటే మాకు మా అవ్వ దాలి గుర్తొచ్చింది. నేలలో చిన్న గుంట, అందులో పిడకల నిప్పు, దాని మీద పాలకుండ. పొద్దున పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, మీగడ అరచేతి మందం కట్టేది. ఎవరూ కలబెట్టరు, ఎవరూ ఊదరు. ఆ అమ్మాయికి అవ్వ గుర్తొచ్చిందంటే ఊరికే రాలేదు. మెల్లగా ఉడికిన గింజకు ఏ దేశంలోనైనా ఆ మెత్తదనం ఒకటే.

మూడోది తీపి. అసలు కథ ఇక్కడుంది.

బోస్టన్ కుండలో పోసేది మొలాసిస్, అంటే చెరకు మడ్డి. మనం బెల్లం వండితే పాకం అంతా బెల్లమే అవుతుంది. పంచదార తీయాలంటే పాకంలో పలుకు కట్టిన చక్కెరను వేరు చేస్తారు. మిగిలిన నల్లటి చిక్కటి ద్రవం మడ్డి. చలిదేశమైన బోస్టన్‌లో చెరకు పండదు. మరి ఈ మడ్డి ఎక్కడ ఎక్కింది? కరీబియన్ దీవుల్లో. ఎవరు ఎక్కించారు? ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు.

ఆ వ్యాపారం ఇలా నడిచేది. బోస్టన్ వైపు ఓడలు ఉప్పుచేప, కలప నింపుకుని దీవులకు పోయేవి. చేపల్లో మంచిరకం యూరపుకు పోతే, ఎవరూ కొనని నాసిరకం ఈ దీవుల్లో బానిసలకు తిండిగా పోయేది. తిరిగి వచ్చేటప్పుడు పీపాల నిండా మడ్డి. దాన్ని బోస్టన్, మెడ్‌ఫర్డ్, న్యూపోర్ట్ ఊళ్ళలో కాచి రమ్ము సారా తీసేవారు. ఆ రమ్ములో కొంత మళ్ళీ ఓడెక్కి ఆఫ్రికా తీరానికి పోయేది. అక్కడ దానికి బదులుగా మనుషులను కొనేవారు. ఆ మనుషులు మళ్ళీ చెరకు తోటలకు. సారా కాచగా, కేకుల్లో, రొట్టెల్లో వాడగా, కొంచెం మడ్డి శనివారం గింజల కుండలో పడేది.

ఈ మడ్డిలో ఎక్కువ భాగం ఫ్రెంచివాళ్ళ దీవులది. గ్వాడెలూప్, మార్టినిక్, సాన్ డొమింగ్. ఫ్రాన్సు తన ద్రాక్ష బ్రాందీ వ్యాపారం దెబ్బతినకూడదని ఆ దీవుల రమ్మును ఇంటికి రానివ్వలేదు. అందుకని అక్కడ మడ్డి చవక. ఇంగ్లీషు దీవుల తోటల యజమానులకు ఇది కడుపుమంట. లండన్ పార్లమెంటు 1733లో పరాయి మడ్డి మీద గ్యాలనుకు 6 పెన్నీల పన్ను వేసింది. బోస్టన్ వర్తకులు కట్టలేదు, దొంగచాటుగా దించుకున్నారు. 1764లో పన్నును 3 పెన్నీలకు తగ్గించి, వసూలు మాత్రం గట్టి చేశారు. ఆ కోపం తర్వాతి కోపాలతో కలిసి అమెరికా స్వాతంత్ర్య యుద్ధం దాకా పోయింది. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ముసలితనంలో, 1818లో, ఒక ఉత్తరం రాస్తూ తమ స్వాతంత్ర్యానికి మడ్డి కూడా ఒక ముఖ్యమైన దినుసని ఒప్పుకున్నాడు. బానిసల చెమటతో తయారైన సరుకు మీద పన్ను కట్టం అన్నవాళ్ళు స్వేచ్ఛ గురించి మాట్లాడారు. చరిత్రలో ఇలాంటివి చాలా ఉంటాయి, మన చరిత్రలోనూ ఉన్నాయి.

ఒక ఆసక్తికరమైన సంగతి. 1829లో బోస్టన్‌లో లిడియా మరియా చైల్డ్ అనే ఆవిడ పొదుపుగా సంసారం నడిపే ఇల్లాళ్ళ కోసం ఒక వంటపుస్తకం వేసింది. అందులో ఈ గింజల వంట ఉంది. గింజలు, పంది మాంసం, నీళ్ళు, చిటికెడు మిరియాలపొడి. మడ్డి లేదు! నాలుగేళ్ళ తర్వాత, 1833లో, ఇదే ఆవిడ బానిసత్వం రద్దు చేయాలని పుస్తకం రాసింది. దానివల్ల ఎంతోమంది పాఠకులు ఆమెకు దూరమయ్యారు, సంపాదన పడిపోయింది, అయినా వెనక్కి తగ్గలేదు. 1896లో ఫానీ ఫార్మర్ అనే బోస్టన్ వంట ఉపాధ్యాయురాలి పుస్తకం వచ్చేసరికి అదే వంటలో ఒక టేబుల్ స్పూన్ మడ్డి, మూడు టేబుల్ స్పూన్ల చక్కెర చేరాయి. ఈ రోజు మూతకు అంటుకునేంత తీపి. "తరతరాల రుచి" అని మనం అనుకునే రుచులు కూడా ఇలాగే కొంచెం కొంచెం మారుతూ వస్తాయి.

ఆ మడ్డి బోస్టన్‌ను ఒకసారి ముంచింది కూడా. 1919 జనవరి 15న, ఊరి ఉత్తరపు కొసన, 50 అడుగుల ఎత్తున్న ఇనప ట్యాంకు పగిలి దాదాపు 23 లక్షల గ్యాలన్ల మడ్డి వీధుల మీద పడింది. అది వంటకు తెచ్చింది కాదు, ఫ్యాక్టరీ ఆల్కహాలుకు నిల్వ పెట్టింది. 21 మంది చచ్చిపోయారు, 150 మంది దాకా గాయపడ్డారు. రేవు పక్కన ఎత్తు మీద నడిచే రైలు మార్గం ఇనప స్తంభాలు వంగిపోయి పట్టా కుంగింది. మేము రైల్వే మనుషులం కాబట్టి ఆ వంగిన స్తంభం ఫోటో దగ్గర చాలాసేపు ఆగాం.

ఇక మన వాళ్ళ సంగతి. బ్రిటిషు రాజ్యంలో బానిసత్వం రద్దు 1834లో అమల్లోకి వచ్చింది. ఫ్రెంచి దీవుల్లో 1848లో. చెరకు మాత్రం అలాగే ఉంది. కోసేవాళ్ళు కావాలి. తోటల యజమానులు ఎటు చూశారు? మన రేవుల వైపు. కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, అయిదేళ్ళ ఒప్పందమని చెప్పి ఓడ ఎక్కించారు. యానాం మిత్రులు గమనించాలి: బానిసత్వం రద్దు కాకముందే, 1820ల చివరలో, ఫ్రెంచివాళ్ళు యానాం నుంచి మన కూలీలను రీయూనియన్ ద్వీపానికి తీసుకుపోయారు. గోదావరి కొసన ఉన్న కోరంగి రేవు నుంచి మారిషస్ పోయినవాళ్ళకు అక్కడ కొరింగీలు అనే పేరే పడిపోయింది. 1860లో మద్రాసు రేవు నుంచి ట్రురో అనే ఓడ 342 మందితో బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరింది. అరవవాళ్ళు, మనవాళ్ళు కలిసే ఎక్కారు. 1911 దాకా అలా నెటాల్‌కు పోయినవాళ్ళు లక్షన్నర మంది.

ఇందాక చెప్పిన గ్వాడెలూప్, మార్టినిక్ మాటేమిటి? బోస్టన్ ఓడలు మడ్డి నింపుకున్న ఆ దీవులకే, 1850ల నుంచి పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి మన దక్షిణాది జనం వేలల్లో పోయారు. అరవవాళ్ళు ఎక్కువ, వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. అవే తోటలు, అదే కత్తి, అదే గానుగ. మనిషి మారాడు, అంతే. బానిసత్వమూ ఒప్పంద కూలీతనమూ ఒకటే అని మేము అనం. వీళ్ళకు గడువు ఉంది, కాగితం ఉంది, కొందరైనా తిరిగి వచ్చారు. ఆఫ్రికా నుంచి పోయినవాళ్ళకు అవేవీ లేవు. కానీ ఒకరు ఖాళీ చేసిన చోటులోనే ఇంకొకరిని నిలబెట్టారన్నది మాత్రం నిజం. చెరకు మడ్డి రసీదులో "ఎక్కించినవారు" అన్న గడిలో ముందు ఆఫ్రికా పేర్లు, వాటి కింద మన ఊరి పేర్లు.

ఇంకొక ముడి ఉంది. డర్బన్‌లో మనవాళ్ళు అనపగింజలు దొరక్క ఏం వండుకున్నారు? అక్కడ దొరికే మచ్చల బీన్స్ గింజ. దాన్ని వాళ్ళు షుగర్ బీన్స్ అంటారు. బోస్టన్ కుండలో గింజ ఏ జాతిదో ఇదీ అదే జాతి. ఉల్లిపాయ, మిరప్పొడి, మసాలా వేసి మెత్తగా ఉడికించిన ఆ కూర డర్బన్ భారతీయుల ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. రొట్టెను తొలిచి అందులో కూర నింపి ఇచ్చే బన్నీ చౌ అనే వంట అక్కడ పేరుమోసింది. మొదట్లో దానిలో నింపింది ఈ గింజల కూరే. ఆ ఇళ్ళలో చాలామందికి ఈరోజు తెలుగు రాదు. గింజల కూర మాత్రం వచ్చు. ఆ కూరను "మన వంట కాదు" అనే ధైర్యం మనకు ఉందా?

నాలుగో సరుకు ఆవపిండి. ఫానీ ఫార్మర్ తన పుస్తకంలో, గింజల కుండలో అర టేబుల్ స్పూన్ ఆవపిండి వేస్తే తేలికగా అరుగుతుందని చాలామంది నమ్మకం అని రాసింది. ఆవపెట్టిన కూర ఎరిగిన మనకు దీన్ని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. గింజ వంటకు ఇంగువో అల్లమో వేయనిదే మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఒప్పుకోరు. వాయువు భయం అన్ని దేశాల్లోనూ ఒకటే!

డబ్బా సంగతి కూడా చెప్పి ముగిస్తాం. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఈ వంట ఫ్యాక్టరీల్లో డబ్బాకు ఎక్కింది. అమెరికా హైంజ్ కంపెనీ దాన్ని టమాటా రసంతో ఇంగ్లండుకు తీసుకుపోయింది. రెండో ప్రపంచయుద్ధంలో రేషన్ వచ్చి మాంసం కొరత పడినప్పుడు డబ్బాలోంచి పంది ముక్క తీసేశారు. యుద్ధం అయిపోయినా మళ్ళీ వేయలేదు. అందుకే ఇవాళ మన ఊళ్ళ పెద్ద అంగళ్ళలో దొరికే ఆ నీలం డబ్బా మీద శాకాహారం గుర్తు ఉంటుంది. పంది మాంసంతో మొదలైన వంట అది లేకుండానే లోకమంతా తిరిగింది. మాంసం పడని ఇళ్ళవాళ్ళు దీన్ని గుర్తు పెట్టుకోవచ్చు.

కొంతమంది చేసే తీరు అడుగుతారని తెలుసు. మా ఇంట్లో మొన్న ఆదివారం చేసి చూసే రాస్తున్నాం.

అర కిలో చిన్న తెల్ల బీన్స్ గింజలు ముందురోజు రాత్రి నిండా నీళ్ళు పోసి నానబెట్టండి. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళతో పది నిమిషాలు తెర్లనిచ్చి, తర్వాత సెగ తగ్గించి ఉడికించండి. తెర్లనివ్వకుండా మెల్లటి సెగ మీదే ఉంచితే, ముఖ్యంగా ఎర్ర రాజ్మా, కడుపుకు చెడు చేస్తుంది. ఉడికిందో లేదో చూడడానికి ఫానీ ఫార్మర్ చెప్పిన ఉపాయం బాగుంది. నాలుగు గింజలు గరిటె కొసన తీసి ఊదితే పైతోలు చిట్లాలి. అప్పుడు దించండి. ఉడకకముందే మడ్డి, టమాటా, పులుపు వేశారో, గింజ ఇక మెత్తబడదు. ఆ మాటకే రెండోవైపు ఉంది: ఉడికాక వేస్తే, ఆరు గంటలు పొయ్యిలో ఉన్నా గింజ చితికిపోదు.

కుండ అడుగున ఒక ఉల్లిపాయ, 150 గ్రాముల బేకన్‌లో సగం ముక్కలు వేసి, పైన గింజలు పోయండి. మూడో వంతు కప్పు మడ్డి, అర టేబుల్ స్పూన్ ఆవపిండి, మిరియాలపొడి, బేకన్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి చూసుకుని ఉప్పు, గింజలు ఉడికిన నీళ్ళలో కలిపి పోయండి. మడ్డి దొరక్కపోతే నల్లబెల్లం పాకం సరిపోతుంది. మిగిలిన బేకన్ పైన పరచి, మూత పెట్టి, ఓవెన్‌లో 130 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఉంచండి. నీళ్ళు తగ్గితే వేడినీళ్ళు పోయాలి. చివరి గంట మూత తీసేస్తే పైముక్క ఎర్రగా కరకరలాడుతుంది. బేకన్ వద్దనుకుంటే రెండు చెంచాల నెయ్యి, కాస్త పొగ వాసనకు నిప్పు మీద కాల్చిన ఉల్లిపాయ వేయండి. మా ఇంట్లో అలాగే చేశాం. పక్కన రొట్టె తిన్నాం. రాత్రికి మిగిలింది అన్నంలో కలుపుకుంటే, కాస్త తీపి అయినా, గొణుక్కుంటూనే అందరూ మళ్ళీ వడ్డించుకున్నారు.

చివరగా ఒక మాట. బోస్టన్ గింజల రుచి అంతా ఆ మూతి చిన్న, పొట్ట పెద్ద మట్టికుండదే అని అక్కడ పేరు. ఫానీ ఫార్మర్ మాత్రం తన పుస్తకంలో ఇంకో మాట రాసింది. కుండ పగిలిపోయిన ఇళ్ళలో పంది కొవ్వు అమ్మే రేకు డబ్బాలో వండిన గింజలు కూడా అంతే బాగుంటాయట.

మా చదువంతా అరవంలో జరిగింది. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక, గూడూరు, రేణిగుంట లైన్లో స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాం. అంతకుముందు మాకున్న తెలుగంతా అవ్వ వంటింట్లో విన్నదే: దాలి, కుంపటి, పితికిపప్పు, ఎసరు, తిరగమోత. మన తెలుగు కుండ ఎప్పుడో పగిలింది. దొరికిన డబ్బాలో వండుకుని ఇంతదాకా తెచ్చాం. అలాంటి మనమే, చలిదేశంలో ఒంటరిగా ఉన్న పిల్ల దొరికిన కుండలో దొరికిన గింజ వండుకుని "అవ్వ గుర్తొచ్చింది" అంటే, సంఘం నుంచి వెళ్ళగొట్టినట్టు మాట్లాడడం న్యాయమా?

అమ్మా, నువ్వు ఇది చదువుతుంటే ఆ ఫోటో మళ్ళీ పెట్టు. పెద్దాయనకు మేము నచ్చజెబుతాం. ఆయన మాకు వరసకు బావగారే, మాట వింటారు.

మిగతా బంధువులకు ఒక విన్నపం. మీ ఇళ్ళలో ఓడ ఎక్కి పోయి తిరిగి రాని వాళ్ళ పేర్లు ఏవైనా పెద్దల నోట విన్నారా? మారిషస్, నెటాల్, రీయూనియన్, ఏ దీవి అయినా సరే. ఊరి పేరు, ఇంటిపేరు, ఒక్క ముక్క అయినా చాలు, కింద రాయండి. ఆ రసీదులు చాలావరకు పోయాయి. పెద్దలు ఉన్నప్పుడే అడిగి రాసుకుందాం.